గంగానమ్మ ఊళ్లో ఉన్న రోజులు

అమ్మా గంగానమ్మా, ఏడేళ్లకు గాని ఇటు తొంగిచూడని తల్లీ! ముడుపు కట్టిన రోజు నుంచి మా ఏలూరు కంటికి కునుకు లేదు. పడమర వీధి, తూర్పు వీధి, దక్షిణపు వీధి, ఆదివారపుపేట, లక్ష్మీవారపుపేట, పవరుపేట. ఏ పేట మొక్కు ఆ పేటదే, ఏ పేట మేడ ఆ పేటదే. ప్రతి పేటా నిన్ను తన ఇంటి ఆడపడుచనే పిలుచుకుంది. ఇన్ని గుమ్మాల్లో ఒక్క తల్లి ఎలా దిగుతుందని అడిగినవాళ్లు లేరు. ఎవరి మేడలో కొలువుతీరినా వచ్చింది నువ్వే. నీ పక్కన మహాలక్ష్మమ్మ, నీ వాకిట కాపలాగా తమ్ముడు పోతురాజు.

సాయంత్రం వంతెన దాటి వన్‌టౌన్‌లో అడుగుపెట్టాక నడక మన చేతిలో ఉండదు, జనం ఎటు మళ్లితే అటే. ఎవరి పసుపో మన చొక్కాకి అంటుతుంది, మన చెమట ఎవరి కొంగుకో అంటుతుంది. వేపమండల బిందెలెత్తుకున్న ఆడవాళ్లు, వాళ్ల కుచ్చిళ్లు పట్టుకు వేలాడే పిల్లలు, దారి దొరక్క ఆగిపోయిన ఆటోలు, ఆటోలో కూర్చునే దణ్ణం పెట్టుకునే ముసలమ్మలు, జీళ్ల బళ్లు, బూరల మోత, రంగులరాట్నం కిర్రు. ఈ రద్దీని తప్పుపట్టేవాళ్లను చాలామందిని విన్నాను. దారులు మూసేస్తున్నారంటారు. మూయనివ్వండి. ఒకే అపార్ట్‌మెంటు మెట్ల మీద రోజూ ఎదురుపడి కూడా పలకరించుకోనివాళ్లం మనం. ఈ ఇరుకులో మాత్రం, "వదినా, కాస్త పిల్లని పట్టుకో, దణ్ణం పెట్టుకొస్తాను" అంటూ ముక్కూమొహం తెలియని చేతుల్లో బిడ్డని పెట్టేసి పోతారు. ఆ బిడ్డ కూడా ఏడవదు. ఇంత మంది మధ్య ఇంత భరోసా ఎక్కడిదమ్మా, నీ కళ్ల ముందు ఉన్నామన్న ధీమా కాకపోతే!

అప్పుడు వీరణం మోగుతుంది. డీజే పెట్టెలు ఎంత అరిచినా ఆ తోలు మీద దెబ్బ వేరు, అది ముందు అరికాలికి తెలుస్తుంది. జనం వాళ్లంతట వాళ్లే రెండుగా చీలిపోతారు. గరగ వస్తోంది! పసుపూ కుంకుమా దిద్దుకుని, పడగ విప్పుకుని, బంతిపూలు చుట్టుకుని వస్తోంది. దాన్ని నెత్తికెత్తుకున్న మనిషి రెండు చేతులూ వదిలేసి ఆడుతున్నాడు. గజ్జెలు వీరణాన్ని తరుముతున్నాయి, వీరణం గజ్జెల్ని తరుముతోంది. మోకాలు ఊగుతోంది, నడుము ఊగుతోంది, నెత్తిన గరగ మాత్రం తొణకదు. పగలు అతను ఏ కొట్లో మూటలు మోస్తాడో, ఏ చెరువు గట్టు మీద వల లాగుతాడో తెలియదు. ఇప్పుడు అతని పాదాల మీద బిందెలకు బిందెలు పసుపునీళ్లు పడుతున్నాయి. తల నెరిసినవాళ్లు వంగి ఆ తడి కళ్లకద్దుకుంటున్నారు. నిన్ను మోస్తున్నంతసేపూ అవి అతని కాళ్లు కావు, నీ కాళ్లే. తారురోడ్డంతా పసుపుపచ్చ. ఎండకు కాలిన ఆ రోడ్డు నీ నీళ్లు తాగి ఆవిరి వదులుతుంటే, సాంబ్రాణీ వేపాకూ తారూ కలిసిన ఆ వాసనకు నా ఒళ్లు జలదరిస్తుంది.

ఈ ఊరి ఆడవాళ్లు వయసులు నీతోనే లెక్కగడతారు. "ఆ జాతరకి నువ్వు నా కడుపులో ఉన్నావే." "కిందటి జాతరకి కోళ్లు తెచ్చింది మీ తాతయ్యే." ఒక జాతరకి చంకనెక్కిన పిల్ల మరో జాతరకి పట్టుపరికిణీ కట్టుకుని మేడ ముందు నిలబడుతుంది. ఇంకో జాతరకి కాలేజీ సెలవు పెట్టి వస్తుంది. ఆ పై జాతరకి అత్తారింటి నుంచి పిల్లాడితో దిగుతుంది. మధ్యలో పోయినవాళ్ల కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆ ఏడేళ్లలో ఎవరెవరు రాలిపోయారో నీకు చెప్పుకుని ఏడవడానికే కొందరు వస్తారు. ఏటేటా వచ్చే పండగకి ఇంత బరువు ఉండదు.

జాతర రోజుల్లో రెండు గదుల ఇంట్లో ఎంతమంది పడతారో చూడాలంటే ఏలూరు రావాలి. వేట తెగిన ఇంట కూర వాసన వీధి చివరిదాకా. డాబా మీద చాపలు, చాపల మీద వరసైనవాళ్లంతా. నీ నైవేద్యంలో పానకం, చలిమిడి, పులిహోర ఎన్ని ఉన్నా నా మనసు పెరుగు కలిపిన చద్దన్నం మీదా, దాని పక్కన పెట్టిన ఉల్లిపాయ మీదా ఆగుతుంది. పొలానికి పోయేవాళ్లు తినే తిండే నీకూ పెట్టారు. ఆ ఉల్లి తాడేపల్లిగూడెం మార్కెట్లో దిగింది. కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీలెక్కి వచ్చి, హమాలీల వీపుల మీద నుంచి గోతాలుగా దిగి నీ విస్తరికి చేరింది. గూడెం వాళ్లకు వాళ్ల బలుసులమ్మ ఉంది. అయినా నీ జాతరకు ప్యాసింజరు బండెక్కి పవరుపేట స్టేషన్లో దిగుతారు. ఒక తల్లిని కొలిచేవాళ్లు ఇంకో తల్లి దగ్గర చుట్టాలే అవుతారు గాని పరాయివాళ్లు కారు.

మా ముత్తవ్వలు నిన్ను భయంతో కొలిచారు. మశూచి వస్తే "అమ్మవారు పోసింది" అని పేరెత్తకుండా చెప్పుకున్నారు, గుమ్మానికి వేపమండ కట్టి, ఇంట్లో తాలింపు మానేసి, నువ్వు చల్లబడాలని తల్లడిల్లారు. మశూచి భూమ్మీద లేదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ జబ్బు పోయినా భయం పోలేదు తల్లీ. 2020 డిసెంబరు మొదటి వారంలో ఇదే వన్‌టౌన్‌లో మనుషులు నిలబడ్డచోటే నురగలు కక్కుతూ పడిపోయారు. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో వాళ్ల రక్తంలో సీసం, నికెల్ ఆనవాళ్లు బయటపడ్డాయి. తాగే నీళ్ల వైపు, తినే కూరల వైపు, పాలవైపు ఊరంతా అనుమానంగా చూసింది. అప్పుడు డాక్టర్లకు దణ్ణం పెట్టిన చేతులే నీకూ పెట్టాయి. ఆ రెంటికీ తగువు ఉందని ఆ తల్లులకు తోచలేదు, నాకూ తోచదు. బిడ్డ కళ్లు తేలేసినప్పుడు మనిషికి మందూ కావాలి, మొర వినే చెవీ కావాలి.

నీళ్లు మా ఊరి నుదుట రాసి ఉన్నాయి. కృష్ణా కాలవ, గోదావరి కాలవ ఇక్కడే కలుసుకుంటాయి. తమ్మిలేరు ఊరిని ఒరుసుకుని కొల్లేటికి పోతుంది. పొంగితే పేటలు మునుగుతాయి, ఎండితే బిందెలు వరస కడతాయి. అందుకే నీకు నీళ్లు పోసేటప్పుడు మా చేతులు వణుకుతాయి. ఎక్కువా ఇవ్వకు, తక్కువా ఇవ్వకు. చాలినన్ని ఇవ్వు.

నిన్ను సాగనంపే కొర్లబండి కదిలే రాత్రి ఊరు ఊరంతా నీ వెనకే. పుట్టింటి నుంచి పంపేటప్పుడు పెట్టే సారె అంతా పెట్టి, పొలిమేర దాకా వచ్చి, "మళ్లీ రా తల్లీ" అని అరుస్తారు. ఆ అరుపులో మళ్లీ నిన్ను చూస్తానో లేదో అనుకునే ముసలి గొంతులు నాకు విడిగా వినిపిస్తాయి.

ఏడేళ్లు ఆగలేనివాళ్లకు దారి ఉంది. ఫాల్గుణం వస్తే కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర. జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణానికి లంకలన్నీ కదులుతాయి. మా ఊరి మురుగంతా తమ్మిలేరు మోసుకుపోయి ఆ తల్లి ముంగిట్లోనే పోస్తోంది. ఆ సంగతి తెలిసే వెళతాం, తలొంచుకునే మొక్కుతాం. 1999లో కొల్లేటిని అభయారణ్యమన్నారు, 2002లో రాంసార్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. ఇన్ని జరిగినా కొల్లేరు ఇంకా ఊపిరాడక ఎగపోస్తూనే ఉంది. అయినా గూడకొంగలు వస్తున్నాయి, మొక్కుబళ్ల కోళ్లతో జనమూ వస్తున్నారు. అదిగో, కైకలూరు బస్సు అప్పుడే నిండిపోయింది. ఎక్కండమ్మా, ఎక్కండి, లోపలికి జరగండి, ఇంకా చాలా మంది ఉన్నారు.