ఒత్తును కుదురుగా నిలిపే పనితనం
మనం ‘స్త్రీ’ అని టైపు చేస్తే కంప్యూటర్‌కు చేరేది ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని ఒక్క అక్షరంగా కూర్చేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ ఫోన్లు, అన్నిటి లోపలా పనిచేసేది అదే. పేరు విన్నవాళ్లు మాత్రం తక్కువ. ఏ హల్లు పైన నిలవాలో, ఏది ఒత్తుగా కిందికి దిగాలో అది తేలుస్తుంది. ఆ రూపాన్ని ఫాంటులోంచి తీసుకుని, ఎంత పక్కకు, ఎంత కిందికి అన్నది ఫాంటు చెప్పిన కొలతతోనే అమరుస్తుంది. ఐత్వం దగ్గర దాని పనితనం మరీ ముచ్చటగా ఉంటుంది: ఒక్క గుర్తును రెండుగా విడదీసి, ఒక ముక్కను హల్లు నెత్తిన, రెండోదాన్ని కింద పెడుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ లో ట కింద వ ఒత్తు చేరకూడదని మనం కనిపించని అడ్డుగుర్తు పెడితే, దాన్నీ మన్నిస్తుంది. ఇదంతా కంటికి అక్షరం ఆనేలోపే! దీని కోడ్ ఎవరైనా చదవచ్చు, దిద్దచ్చు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏం మారిందో నేను ఇష్టంగా చదువుతాను. మీ తెర మీద ఎక్కడైనా ఒత్తు చెదిరి కనిపిస్తే విసుక్కుని వదిలేయకండి. ఏ పదం, ఏ ఫాంటు, ఏ వెర్షన్ అన్నది రాసి, తెరబొమ్మతో సహా హార్ఫ్‌బజ్ తయారుచేసేవాళ్లకు పంపండి.