దానవులపాడు శ్రీవిజయుడు: ‘సన్న్యసన’ పదపరిశీలన

కడప జిల్లా జమ్మలమడుగు సమీపంలో, పెన్నా తీరాన ఉన్న దానవులపాడు జైనక్షేత్రంగా చరిత్రకారులకు సుపరిచితమే. అయితే అక్కడి స్తంభశాసనం కీర్తించిన శ్రీవిజయుడు మన సాహిత్యచరిత్రల్లో అరుదుగా కనిపిస్తాడు. రాష్ట్రకూట దండనాయకుడైన ఇతనికి ‘అనుపమకవి’ అనే బిరుదు ఉంది. శాసనంలోని ఇంద్రరాజును మూడవ ఇంద్రునిగా గుర్తిస్తే ఇతని కాలం 10వ శతాబ్ది ప్రథమార్ధం అవుతుంది. కాబట్టి 9వ శతాబ్దిలో అమోఘవర్షుని ఆస్థానంలో ‘కవిరాజమార్గం’తో ముడిపడిన శ్రీవిజయుడూ ఇతడూ ఒక్కరేనని భావించడం కాలక్రమానికి పొసగదు.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు పరిభాషలో ఉంది. ఆ దండనాయకుడు చివరకు లోకాన్ని త్యజించాడని శాసనం చెబుతుంది. ఈ త్యాగాన్ని ‘సన్న్యాసం’ అనగానే నేటి పాఠకునికి కాషాయం, ఆశ్రమస్వీకారం స్ఫురిస్తాయి. జైన పరిభాషలో ‘సన్న్యసనం’ సల్లేఖనకు పర్యాయపదం. ఆహారాన్ని క్రమంగా విడిచి, సమచిత్తంతో మరణాన్ని స్వీకరించే వ్రతమది. అలా దేహం చాలించినవారి స్మారకం ‘నిసిధి’. దానిని ‘సమాధి’గా అనువదించడమూ సరికాదు, దేహాన్ని పూడ్చిన చోటే నిసిధి ఉండాలన్న నియమం లేదు. దానవులపాడులో నిసిధి శాసనాలు కూడా లభించాయి కనుక శ్రీవిజయుని త్యాగాన్ని ఆ సంప్రదాయపు వెలుగులోనే పరిశీలించాలి.

శాసనభాష సంస్కృత కన్నడాలు కావడం తెలుగు పరిశోధకులు దానిని పక్కన పెట్టడానికి కారణం కారాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల మతచరిత్రను బోధించేవారు ముందుగా ఇటువంటి పదాల అర్థాన్ని ఆయా మతాల పరిభాషలోనే నిర్ణయించుకోవాలి. ఒక్క పదాన్ని పొరపాటుగా చదివితే ఒక మనిషి జీవితపు ముగింపే మారిపోతుంది.