‘సొంత మాటల్లో రాయండి’: పరీక్షా ప్రమాణాల మార్పు – తెలుగు పఠన, రచనా బోధన

తెలుగు రచనాబోధన చరిత్రను సాధారణంగా భాషావాద చరిత్రలో భాగంగా చదువుతాం. గ్రాంథిక, వ్యావహారిక వాదాలను శైలికి సంబంధించిన వివాదంగా, లేదా రెండు పండితవర్గాల మధ్య పోరాటంగా వర్ణించే వ్యాసాలకు కొదవ లేదు. ఆ వివాదం ముదిరింది పరీక్షాపత్రం దగ్గర అన్న విషయం మాత్రం వాటిలో పాదపీఠికగానే మిగిలిపోయింది. పదవ తరగతి తెలుగు పత్రం స్వరూపం గత దశాబ్దంలో పలుమార్లు మారిన ఈ సమయంలో ఆ తొలి ఘట్టాన్ని తిరిగి చూడవలసి ఉంది. పరీక్షాప్రమాణం మారినప్పుడు తరగతిలో చదవడం, రాయడం ఏ మేరకు మారుతాయి, ఏ మేరకు మారినట్లు కనిపిస్తాయి అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. పరిశీలనకు ఉత్తరాంధ్రను, అందులోనూ చోడవరం ప్రాంతపు మాడుగులను దృష్టిలో ఉంచుకొన్నాను. ఈ ఎంపికకు కారణం ముందుముందు తెలుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకం చివర మద్రాసు రాష్ట్రంలో స్వదేశభాషలో వ్యాసరచన పరీక్షాంశమైంది. అంతవరకు తెలుగు పరీక్ష అంటే పద్యానికి అర్థతాత్పర్యాలు, వ్యాకరణసూత్రాలు, అనువాదం. విద్యార్థి తనంతట తాను ఒక విషయం గురించి తెలుగులో రాయాలి అనగానే, ఏ తెలుగులో రాయాలి అన్న ప్రశ్న పుట్టింది. పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగార్, విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఒకే సమస్యను వేర్వేరు వైపుల నుంచి చూశారు. పిల్లవాడు మాట్లాడే భాషకూ పుస్తకంలోని భాషకూ మధ్య ఉన్న దూరం వారందరికీ బోధనాసమస్యగానే మొదట ఎదురైంది. అయ్యంగార్ దేశభాషల జీవన్మరణాల గురించి ఆంగ్లంలో రాసిన పుస్తకం 1909లో వెలువడింది.

1912–13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని రాయవచ్చునన్న ఉత్తర్వు వచ్చింది. ఆంధ్రసాహిత్య పరిషత్తు దీనిని ప్రతిఘటించింది. 1913లో జయంతి రామయ్య పంతులు కావ్యభాషను సమర్థిస్తూ, గిడుగు ఆధునిక తెలుగును సమర్థిస్తూ ఆంగ్లంలో గ్రంథాలు వెలువరించారు. విశ్వవిద్యాలయపు వ్యాసరచనా సంఘంలో అధికసంఖ్యాకులు కావ్యభాషవైపు నిలిస్తే, గురజాడ 1914లో తన అసమ్మతిపత్రం సమర్పించాడు. 1915లో ప్రభుత్వం వెనక్కు తగ్గింది. అదే సంవత్సరం నవంబరులో గురజాడ కన్నుమూశాడు. విశ్వవిద్యాలయాలు పరిశోధనగ్రంథాలను సైతం వాడుకభాషలో స్వీకరించడానికి ఆ తరువాత సుమారు అర్ధశతాబ్ది పట్టింది.

అసమ్మతిపత్రాన్ని సాహిత్యవిమర్శకులు గురజాడ భాషాదృష్టికి ప్రమాణంగా ఉదాహరిస్తారు. అందులోని బోధనావిమర్శపై చాలినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం. ఎవరి నోటా లేని భాషలో రాయమన్నప్పుడు విద్యార్థి శ్రమ ఆలోచనమీద గాక రూపాలమీద ఖర్చవుతుంది. అతడు అర్ధానుస్వారాలకూ సంధులకూ కాపలా కాస్తాడు, చెప్పదలచినది వెనుకబడుతుంది. ఇక దిద్దే ఉపాధ్యాయుడికే ఆ రూపాలమీద నిలకడైన పట్టు లేదు. ఈ రెండో అంశాన్ని గిడుగు తరువాత ‘ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం’లో పండితుల రచనలనుండే ఉదాహరణలు తీసి నిరూపించాడు. ఆ గ్రంథాన్ని వ్యంగ్యరచనగా ఆస్వాదించడం మనకు అలవాటు. దానిని మూల్యాంకనం గురించిన గ్రంథంగా చదివితే ఇంకా పదునుగా కనిపిస్తుంది. దిద్దేవాడు స్వయంగా పాటించలేని నియమానికి మార్కులు కోయడం న్యాయమా అన్నదే అందులోని మౌలిక ప్రశ్న.

ఇప్పటి పత్రానికి వద్దాం. 2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రం కంఠస్థపఠనాన్ని విమర్శించింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ విభాగం, సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధననూ నిరంతర సమగ్ర మూల్యాంకనాన్నీ ఒకేచోట పేర్కొన్నది. ఆ వెలుగులో తెలుగు పాఠ్యపుస్తకాలు మారాయి. పదవ తరగతి పుస్తకం 2014లో వచ్చింది. ప్రశ్నపత్రంలో ‘అవగాహన–ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’, ‘భాషాంశాలు’ అనే విభజన స్థిరపడింది. ఆంధ్రప్రదేశ్‌లో అంతర్గత మూల్యాంకనానికి కేటాయించిన 20 మార్కులు కొన్నేళ్లు ఉండి 2019లో రద్దయ్యాయి. పదకొండు పత్రాలు ఏడై, 2022–23లో ఆరయ్యాయి. నూరు మార్కుల ఒకే తెలుగు పత్రంలో పై మూడు భాగాలకు వరుసగా 32, 36, 32 మార్కులు.

సూత్రప్రాయంగా ఇది మెచ్చదగిన మార్పు. అపరిచిత గద్యం ఇవ్వడమంటే పాఠం బట్టీపట్టడం చాలదని చెప్పడం. లేఖ, కరపత్రం, సంభాషణ, ప్రశ్నావళి, కవిత అడగడమంటే రచనను జీవనవ్యవహారంతో ముడిపెట్టడం. 1912 నాటి వ్యాసం కన్నా వీటి పరిధి విశాలం. చిక్కు ఎక్కడంటే, పత్రం దేనిని కొలుస్తానని చెప్పుకొంటుందో దానినే కొలుస్తున్నదా అన్నచోట. ఉపవాచకమైన రామాయణంలోని సంఘటనలను వరుసక్రమంలో పెట్టమనే ప్రశ్న అవగాహన విభాగంలో ఉంది. కథ ముందే తెలిసినప్పుడు, సంవత్సరమంతా అదే అభ్యాసం జరిగినప్పుడు, అది జ్ఞాపకశక్తికి పరీక్ష. అపరిచిత గద్యం కింద సాధారణంగా వచ్చే ప్రశ్నలకు జవాబు అదే వాక్యంలో కళ్లెదుట ఉంటుంది. ఏ పదం ప్రశ్నలోకి వచ్చిందో చూసి ఆ వాక్యాన్ని దించితే సరిపోతుంది. రచయిత చెప్పకుండా వదిలినదాన్ని గ్రహించమనే ప్రశ్న అరుదు. చదవడం అనే క్రియలో అదే కీలకమని ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

రచనాప్రశ్నల స్థితి మరింత విచిత్రం. కరపత్రం అన్న ప్రక్రియకు మార్గదర్శి పుస్తకాలు ఒక అచ్చు తయారుచేశాయి. సంబోధన, సమస్య గొప్పదనం గురించి రెండు వాక్యాలు, చేయవలసినవి, చేయకూడనివి, చివర ‘ఇట్లు’. నీటిపొదుపు స్థానంలో చెట్ల పెంపకం, చెట్ల స్థానంలో ప్లాస్టిక్ నిషేధం వేస్తే చాలు. 2014 పుస్తకంలో బోయి భీమన్న ‘జానపదుని జాబు’ పాఠంగా ఉండేది. పల్లెలో ఉన్న యువకుడు తన కష్టసుఖాలను మిత్రునికి చెప్పుకొనే ఆ జాబులో లేఖాప్రక్రియ ప్రాణమంతా ఉంది. ఎవరు ఎవరికి ఎందుకు రాస్తున్నారన్నది మొదటి మాటలనుండే తెలుస్తుంది. దాని పక్కనే పరీక్షకోసం నేర్పే లేఖలో తేదీ, స్థలం ఎడమన ఉండాలా కుడిన ఉండాలా అన్నదానిపై శ్రద్ధ ఎక్కువ. దిద్దడానికి తేలికైనది బోధనలో ముందుకు వస్తుంది. ఇందులో ఉపాధ్యాయులను తప్పుపట్టి లాభం లేదు. ఉత్తీర్ణతాశాతంతో బడికి విలువకట్టే వ్యవస్థలో అచ్చు నేర్పకపోవడమే సాహసం. పద్యతాత్పర్యం బట్టీ పోయి కరపత్రం బట్టీ వచ్చింది, అంతే.

ఇక ‘సొంత మాటల్లో రాయండి’ అన్న సూచన. ఎవరి సొంతమాటలు? ఇక్కడే మాడుగుల ప్రస్తావన అవసరమవుతుంది. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ఊరు తూర్పుకనుమల పాదంలో ఉంది. బయటివారికి హల్వా పేరుతోనే ఎక్కువ పరిచయం. ఎగువన పాడేరు మన్యం, దిగువన చోడవరం, అనకాపల్లి చెరకు నేలలు. భద్రిరాజు కృష్ణమూర్తి చేసిన మాండలిక విభజనలో ఇది పూర్వమండలం. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల శిష్టవ్యవహారంమీద నిలిచిన నేటి ప్రమాణభాషకూ ఇక్కడి పిల్లల ఇంటిమాటకూ మధ్య ఉన్న దూరం, 1912లో కావ్యభాషకూ వాడుకకూ ఉన్నంత కాకపోవచ్చు. ఉన్నమాట మాత్రం నిజం. ‘ఏమిటి’ ఇక్కడ ‘ఏటి’. ‘వచ్చేశాడు’ ఇక్కడ ‘వచ్చీసినాడు’. యజమాని రైతు ‘బుగత’.

ఇందులో ఒక భాషాచారిత్రక వింత ఉంది. ‘వచ్చినాడు’, ‘చేసినాడు’ అనే రూపాలు కావ్యభాషలోని ‘వచ్చినాఁడు’, ‘చేసినాఁడు’లకు నేరుగా వారసులు. మధ్యమండలంలో అవి ‘వచ్చాడు’, ‘చేశాడు’గా కుదించుకుపోయాయి. అంటే కళింగాంధ్ర విద్యార్థి రూపమే పాతది. 1915లో పరిషత్తు పండితుడు అరసున్న ఒక్కటి చేర్చి ఆమోదించి ఉండేవాడు. అదే రూపం ఈనాడు జవాబుపత్రంలో పల్లెటూరితనంగా కనిపించే ప్రమాదముంది. ప్రమాణం మారింది గాని, ప్రమాణానికి వెలుపల నిలబడిన విద్యార్థి ప్రాంతం మారలేదు. వ్యావహారికవాదానికి పుట్టినిల్లయిన ఉత్తరాంధ్రకే ఈ స్థితి రావడం గమనార్హం. రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు కథల్లో ఇదే పలుకుబడిని శిల్పంగా మెచ్చుకొని విశ్వవిద్యాలయంలో పరిశోధనలు చేయిస్తాం. పదిహేనేళ్ల పిల్ల రాస్తే దోషమవుతుంది.

పరీక్షలో ప్రమాణభాష అక్కరలేదని ఈ వాదనకు అర్థం కాదు. దరఖాస్తు, నివేదిక, వార్త ప్రమాణభాషలో రాయగలగడం మాడుగుల పిల్లల హక్కు కూడా. ఆ పట్టు లేకపోతే ఉన్నతవిద్యలో నష్టపోయేది వారే. అయితే ఏ ప్రశ్న ఏ భాషాస్థాయిని కోరుతుందో పత్రం చెప్పాలి. సంభాషణ రాయమన్న ప్రశ్నలో చెరకు రైతు పాఠ్యపుస్తకం భాషలో మాట్లాడడం ప్రక్రియాదోషం. అక్కడ మాండలికానికి మార్కు ఇవ్వవలసి ఉంటుంది. నివేదికలో అదే మాండలికాన్ని కారణం చెప్పి దిద్దవచ్చు. 1912–13 ఉత్తర్వులోని ‘గాని… గాని’ అన్న వికల్పం ఈ కోణంలో నేటి పత్రం కన్నా నిజాయితీగా ఉంది. రెండు భాషాస్థాయిలున్నాయని అది బాహాటంగా ఒప్పుకొంది. నేటి పత్రం అందరి సొంతమాటా ఒకటేనన్నట్లు ప్రవర్తిస్తుంది.

ఘాట్‌రోడ్డు ఎక్కితే ప్రశ్న ఇంకా జటిలం. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్ల పిల్లలకు తెలుగు బడిలో ఎదురయ్యే భాష. రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజనభాషల్లో ప్రారంభమైన బహుభాషా విద్యాకార్యక్రమం ప్రాథమిక తరగతులకు పరిమితం. పదవ తరగతికి వచ్చేసరికి ఆ పిల్లలూ అదే పత్రం, అదే ‘సొంత మాటల్లో’ అన్న సూచన ఎదుర్కొంటారు. స్కూలు ఫైనలు వ్యాసభాషకోసం పోరాడిన గిడుగే సవరభాష నేర్చుకొని, సవర పిల్లలకు వాచకాలు తయారుచేసి, ఆ భాషకు నిఘంటువు కూర్చాడు. మన సాహిత్యచరిత్రలు ఈ రెండు పనులను వేర్వేరు అధ్యాయాల్లో పెడతాయి. అవి ఒకే పని అన్నది నా వాదన. చదువు మొదలయ్యే చోట పిల్లవాడి నోటిమాట ఉండాలన్న పట్టుదల రెండింటిలోనూ ఒకటే.

ఆచరణలో దీనికి కొత్త పాఠ్యపుస్తకం అవసరం లేదు. మూల్యాంకన సూచనపత్రంలో రచనాప్రశ్నలకు విషయం, ప్రక్రియ, భాషాస్థాయి అని మూడు వేరు గడులు పెట్టి మార్కులు పంచవచ్చు. అప్పుడు మాండలికరూపానికి కోత పడినా అది మూడో గడి దాటి పాకదు. అపరిచిత గద్యంలో కనీసం ఒక ప్రశ్నకు జవాబు వాక్యంలో దొరకకుండా, రెండు వాక్యాల మధ్య ఊహించవలసినదిగా ఉండాలి. ఆ గద్యానికి రావిశాస్త్రినుండి ఒక పేరా తీసుకొంటే మాడుగుల పిల్లలకు ఒక్కసారైనా పరీక్షగదిలో ఇంటిమాట అచ్చులో కనబడుతుంది. గుంటూరు పిల్లలకు అది నిజంగా అపరిచితమవుతుంది.