సుబ్బి బదులు మహేశం

కన్యాశుల్కాన్ని మొదటిసారి చదివినప్పుడు నేనూ అందరిలాగే గిరీశాన్ని చూసి నవ్వాను, మధురవాణిని చూసి ముచ్చటపడ్డాను. ఎం.ఏ. పరీక్షల్లో రాసిన జవాబుల్లోనూ వాళ్ళిద్దరే ఉన్నారు. సుబ్బి గురించి ఒక్క వాక్యం రాసిన గుర్తు కూడా లేదు. నాటకమంతా ఎవరి పెళ్ళి ఆపడానికి నడుస్తోందో ఆ పిల్ల గురించి నన్నెవరూ అడగలేదు. నాకూ అడగాలని తోచలేదు.

అడిగింది సిద్దిపేటలో నా దగ్గర బి.ఏ. చదివిన ఒక అమ్మాయి. విజయనగరం అగ్రహారాల భాష మా పిల్లల నోటికి అంత సులువుగా పట్టదు. అందుకని పాత్రలు పంచి క్లాసులో గట్టిగా చదివించేదాన్ని. ఉత్తరాంధ్ర పలుకుబడిని తెలంగాణ యాసలో విరుస్తూ చదువుతుంటే, గురజాడ వింటే సంతోషించేవాడనే నాకనిపించేది. రెండో రోజో మూడో రోజో ఆ అమ్మాయి లేచింది. "మేడమ్, సుబ్బి ఎవరికియ్యలే మీరు?" అంది. సుబ్బికి పెద్దగా మాటలు లేవమ్మా అన్నాను. "పెండ్లి ఆమెదే గదా మేడమ్!"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్ళి నాటకం మళ్ళీ తెరిచాను. సుబ్బి పెళ్ళి గురించి తండ్రి అగ్నిహోత్రావధాన్లు మాట్లాడతాడు, మేనమామ కరటకశాస్త్రి మాట్లాడతాడు. పెళ్ళికొడుకు లుబ్ధావధాన్లూ, దళారీ రామప్పపంతులూ, గిరీశమూ మాట్లాడతారు. తల్లి వెంకమ్మ కూడా ముందు మాట్లాడుతుంది. మాట చెల్లకపోయేసరికి నూతిలో దూకుతుంది. పేరుకి ఇది ప్రహసనం. అందులో ఒక తల్లి తన మాట వినిపించడానికి చావు అంచుదాకా పోవలసి వచ్చింది. హాస్యానికి మనం ఎంతగా అలవాటుపడ్డామంటే ఆ నుయ్యి మనకు గుర్తుండదు, గిరీశం చుట్ట గుర్తుంటుంది.

ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశాడు. మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో కొన్ని అంకెలున్నాయి. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి మహారాజు తయారు చేయించాడు. మూడేళ్ళకి తేలినవి 1034. అయిదేళ్ళ వయసులో పెళ్ళయినవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురు పసికందుల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డలకి కూడా బేరాలు జరిగేవని రాశాడు. సుబ్బికి మాటలు ఎందుకు లేవో ఈ జాబితా చెబుతుంది. అందులో ఉన్న పిల్లల్లో కొందరికి ఇంకా మాటలే రాలేదు.

మరి ఆ పెళ్ళి ఎలా ఆగింది? కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి చీరకట్టి, సుబ్బి బదులు లుబ్ధావధాన్లకి అంటగడతాడు. ప్రేక్షకులు విరగబడి నవ్వే ఘట్టం ఇది. నాకు మాత్రం ఇదే నాటకంలోకెల్లా కఠినమైన విమర్శ అనిపిస్తుంది. పెళ్ళికూతురు స్థానంలో మగపిల్లాణ్ణి కూర్చోబెట్టినా ఆ సంతకి తేడా తెలియలేదు. కావలసింది మనిషి కాదు, తలవంచుకుని కూర్చునే ఒక చీర. ఆ రోజుల్లో ఆడవేషాలు మగవాళ్ళే వేసేవారు. తర్వాతి తరంలో స్థానం నరసింహారావు మధురవాణిగా ఎంత పేరు తెచ్చుకున్నాడో తెలిసిందే. అంటే వేదిక మీద పెళ్ళికూతురూ మగవాడే, పెళ్ళికూతురి తల్లీ మగవాడే. స్త్రీల బాధ గురించిన నాటకాన్ని స్త్రీ లేకుండానే ఆడారు.

మహేశం రాత్రికి రాత్రి చీర విప్పి వెళ్ళిపోతాడు. పెళ్ళిలోంచి నడిచి బయటికి వెళ్ళగలిగింది మగపిల్లాడు కాబట్టే. సుబ్బి అయితే ఎక్కడికి వెళుతుంది? ఆ తర్వాత జరిగింది ఇంకా భయంకరం. పెళ్ళికూతురు కనిపించకపోయేసరికి ముసలి మొగుడు చంపేశాడని కేసు నడుస్తుంది. వారం తిరక్కుండా కొత్త కోడలు మాయమైతే అది హత్యే అయివుంటుందని నమ్మడానికి ఎవరికీ కష్టం కలగలేదు. హాస్యం కోసం అల్లిన మలుపే కావచ్చు, దాని కింద ఉన్న లోకజ్ఞానం మాత్రం హాస్యం కాదు.

ఇంకొక వేషం ఉంది. చివరి అంకంలో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న సంస్కర్త ఆయన. ఆయనకి కేసు గెలిచే దారి చూపించాలంటే ఆమె ముందు ఆడదానిగా కనబడకుండా ఉండాలి. మహేశం చీరలో, మధురవాణి మగ దుస్తుల్లో. తమది కాని బట్టల్లో ఉన్న ఇద్దరే కథని మలుపు తిప్పారు. సొంత బట్టల్లో ఉన్న ఆడవాళ్ళలో ఒక్క పూటకూళ్ళమ్మ చీపురుకట్ట మాత్రం కొంత పని చేసింది. అదీ గిరీశానికి తగలకుండా రామప్పపంతులికి తగిలింది!

బుచ్చమ్మని అమాయకురాలని తేల్చేసే విమర్శకులతో నాకు పేచీ ఉంది. తాను వెళ్ళిపోతే చెల్లెలి పెళ్ళి ఆగుతుందని గిరీశం చెప్పిన తర్వాతే ఆమె కదులుతుంది. మోసపోయింది నిజమే. కాని సుబ్బి కోసం తన పరువుని పణంగా పెట్టింది. ఆఖరికి ఆమెను పూనా వితంతు శరణాలయానికి పంపి చదివించాలని నిర్ణయిస్తారు. మంచి నిర్ణయమే, కాని చేసింది సౌజన్యారావు. మీనాక్షికి ఆ పాటి నిర్ణయం కూడా దక్కలేదు. ఆమె గర్భాలు, ఆమె ఆశలు, పెళ్ళాడతానని చెప్పి తప్పించుకున్న రామప్పపంతులు, అన్నీ నవ్వులకే ఖర్చయిపోయాయి. గురజాడ కరుణ మీనాక్షి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిందని నేను నమ్ముతాను.

ఇదంతా చెబుతున్నప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చేది. "మీ తాత నన్ను ఓలి ఇచ్చి తెచ్చుకున్నడు బిడ్డా, ఊకె రాలే" అని ఆమె గర్వంగా చెప్పుకునేది. పొలంలో మగవాడితో సమానంగా పనిచేసే కులాల్లో ఓలి అంటే ఒక రెక్కల కష్టం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతున్నందుకు ఇచ్చే పరిహారం. ఆమె అక్క మొదటి మొగుడితో పొసగక ఇడుపు కాయిదం తీసుకుని మారుమనువు పోయింది. ఊళ్ళో ఎవరూ ఆమెని వెలివేయలేదు. అగ్రహారపు శుల్కాన్నీ, మా వాడల ఓలినీ ఒకే తక్కెట్లో తూచకూడదని అందుకే అంటాను. అలాగని ఓలిని నెత్తిన పెట్టుకోను. అప్పుడూ డబ్బు చేతులు మారింది మగవాళ్ళ మధ్యే.

మా అమ్మ పెళ్ళినాటికి ఓలి పోయి కట్నం వచ్చింది. మా ఇంట్లో ఒక తరంలో జరిగిన ఈ తలకిందులు సాహిత్యంలో కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం'లో కనిపిస్తుంది. అందులో కాళింది నూతిలో దూకి చనిపోతుంది. 1939లో సినిమా తీసినప్పుడు ఆ పాత్రతోనే భానుమతి తెరమీదికి వచ్చింది. డబ్బు ప్రవహించే దిక్కు మారింది, నుయ్యి మాత్రం అక్కడే ఉంది. ఇప్పుడు ప్రభుత్వం కూడా పెళ్ళి ఖర్చులో భాగం పంచుకుంటోంది. 2014లో 51,000 రూపాయలతో మొదలైన కల్యాణలక్ష్మి 2018లో 1,00,116కి పెరిగింది. పద్దెనిమిదేళ్ళు నిండాలన్న షరతు వల్ల ఏ ఇంట్లోనైనా ఒక పెళ్ళి ఒకటి రెండేళ్ళు ఆగితే సంతోషమే. అదే డబ్బు ఆ పిల్ల పీజీ ఫీజుకి ఇస్తే ఏమవుతుందని మా స్టాఫ్‌రూమ్‌లో ఒకసారి అడిగాను. టీ వచ్చింది, మాట మారిపోయింది.

సుబ్బి గురించి అడిగిన ఆ అమ్మాయికి చివరికి మహేశం పాత్ర ఇచ్చాను. చున్నీని నెత్తిమీదుగా కప్పుకుని తలవంచి కూర్చుని, పారిపోయే చోటికి రాగానే దాన్ని ఒక్క లాగులాగి బెంచీ మీద పడేసి తలుపు దాకా పరుగెత్తింది. క్లాసంతా ఈలలు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆమె రాలేదు. నెల తిరక్కుండా పెళ్ళి కార్డు వచ్చింది. పేరు పక్కన బ్రాకెట్లో బి.ఏ. అని అచ్చువేశారు, డిగ్రీ ఇంకా పూర్తికాకుండానే.

ఫంక్షన్‌హాల్లో అక్షింతలు వేయడానికి స్టేజీ ఎక్కాను. పక్కన పెళ్ళికొడుకు ఎవరితోనో ఫోటో దిగుతున్నాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, వీడియో లైటుకి ముఖం తిప్పకుండానే అడిగింది.

"మేడమ్, పరీక్ష ఫీజుకు లాస్ట్ డేట్ ఎప్పుడు?"

చెప్పాను. ఇంకా తొమ్మిది రోజులుంది.