ఊ కొట్టేవారెవరు? — ప్రవాస, ఆదివాసి కథనాల్లో సంఘీభావం

తెలుగునాట కథ చెప్పడం ఎన్నడూ ఒంటరి వ్యాపకం కాదు. అమ్మమ్మ చెప్పే కథకు ఊ కొట్టే పిల్లవాడు ఉండాలి. ఊ ఆగితే కథా ఆగుతుంది. బుర్రకథలో కథకునికి ఇరువైపులా వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం పలుకుతూ కథను ముందుకు నడుపుతారు, అవసరమైనచోట నిలదీస్తారు. ప్రవాసులకూ ఆదివాసులకూ మధ్య సామూహిక కథనం ఒక సంఘీభావ చర్య అన్న ప్రతిపాదన సాహిత్య విమర్శలో నేడు తరచు వినవస్తున్నది. దానిని తూచడానికి మన సంప్రదాయంలోని ఈ వంతను మించిన కొలమానం లేదు. కథ ఎవరిది, చెప్పేదెవరు అన్న ప్రశ్నలతో పాటు, ఊ కొట్టేదెవరు అన్న ప్రశ్న కూడా వేయక తప్పదు.

ఈ ప్రశ్న వేయడానికి హౌరా అన్ని విధాలా తగిన స్థలం. 1900లో బెంగాల్-నాగపూర్ రైలుమార్గం హౌరా చేరిన తరువాత గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువారు హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు పెద్దసంఖ్యలో వలస వచ్చారు. నేటి శ్రీకాకుళం ప్రాంతం అప్పటి గంజాం జిల్లాలోనిదే. జముకుల కథ, తప్పెటగుళ్ళు పుట్టి పెరిగిన నేల అది. అక్కడినుంచి వచ్చిన మనుషులు మిల్లు లెక్కల్లో 'మద్రాసీ' అన్న ఒక్క మాటగా మిగిలారు. 1929లో నియమితమైన రాయల్ లేబర్ కమిషన్ జనపనార కార్మికుల వాంగ్మూలాలు సేకరించింది. జీతమెంత, అప్పెంత, సర్దారుకు ఇచ్చుకున్న మామూలు ఎంత అని అడిగింది. చరిత్రకారునికి అవి అమూల్యమైన ఆధారాలే. అయితే వాంగ్మూలం వేరు, కథ వేరు. వాంగ్మూలంలో అడిగినదానికే జవాబు ఉంటుంది; ఏది ముందు చెప్పాలో, ఏది దాచుకోవాలో నిర్ణయించుకునే అధికారం కథకునికే ఉంటుంది. ఆ అధికారం మిల్లు కూలీకి దక్కలేదు.

హౌరాకు ఎదురుగా, నదికి ఆవలి ఒడ్డున, మరొక వలస అంతకుముందే మొదలయింది. 1834లో కలకత్తా రేవు నుంచి 'అట్లాస్' అనే ఓడలో 36 మంది కూలీలు మారిషస్ వెళ్ళారు. ఆనాటి పత్రాలు వారిని కొండ కూలీలని పేర్కొన్నాయి. ఛోటానాగపూర్ అడవుల నుంచి కదిలిన ఆదివాసులు వారు. కొద్దికాలానికే కోరంగి రేవు నుంచి తెలుగువారూ అదే ద్వీపానికి చేరి, అక్కడ 'కోరంగీలు'గా పిలువబడ్డారు. అంటే గిరిమిట్ వలసలో తొలి ప్రవాసులలోనే ఆదివాసులున్నారు. ప్రవాసి ఒకడు, ఆదివాసి మరొకడు అన్న విభజన చరిత్ర ముందు నిలవదు. ఊరు పోగొట్టుకున్నవాడూ, అడవి పోగొట్టుకున్నవాడూ ఒకే చెరకుతోటలో పనిచేశారు.

ఐతే ఒకే కష్టం పడినవారంతా సహజంగానే బంధువులవుతారనుకోవడం పొరపాటు. 1958లో ఆరంభమైన దండకారణ్య పథకం తూర్పు బెంగాల్ కాందిశీకులను కోరాపుట్, బస్తర్ ప్రాంతాల్లో స్థిరపరచింది. నిలువనీడ లేనివారికి చూపిన ఆ నీడ ఆదివాసుల నేల మీద పడింది. ఇక్కడ ఇరువురి కథలూ నిజమే. ఒకరి కథకు మరొకరు ఊ కొట్టడమే కష్టం. ఈ చిక్కును దాటవేసే సంఘీభావ వాదం నినాదంగానే మిగులుతుంది.

కష్టమైనా ఆ పని జరిగిన సందర్భాలున్నాయి. 1943 నాటి బెంగాల్ కరువును ఇతివృత్తంగా తీసుకొని ప్రజానాట్యమండలి కళాకారుడు షేక్ నాజర్ తెలుగు పల్లెల్లో బుర్రకథ చెప్పాడు. బెంగాల్‌ను కళ్ళతో చూడని రైతుకు ఆ ఆకలి అర్థం కావడానికి అనువాదం అవసరం కాలేదు. అయితే అది పరుల దుఃఖాన్ని మన వేదికపై మన గొంతుతో చెప్పడం. సంఘీభావానికి అది తొలిమెట్టు మాత్రమే.

రెండవ మెట్టు మహాశ్వేతాదేవి రచనా జీవితంలో కనిపిస్తుంది. బిర్సా ముండా పోరాటాన్ని చిత్రించిన ఆమె నవల 'అరణ్యేర్ అధికార్' 1979లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. గొప్ప నవల, కాని చెబుతున్నది ఒక బెంగాలీ రచయిత్రే. ఆ పరిమితిని అందరికంటే ముందు గుర్తించినది ఆమేననిపిస్తుంది. 1980 నుంచి 'బర్తికా' పత్రిక సంపాదకత్వం చేపట్టి, ఆదివాసులు, భూమిలేని కూలీలు, కార్మికులు తమ బతుకును తామే రాసే స్థలంగా దానిని మార్చారు. తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకుడుగా వచ్చి, కలకత్తాలో రిక్షా లాగుతూ జీవించిన మనోరంజన్ బ్యాపారి తొలి రచన 1981లో అందులోనే వెలువడింది. నవలాకారిణి ఇక్కడ కథకురాలి స్థానం వదలి వంత స్థానంలోకి జరిగారు. విమర్శకులు 'అరణ్యేర్ అధికార్'పై చూపిన శ్రద్ధలో పదోవంతైనా 'బర్తికా'పై చూపకపోవడం విచారకరం.

తెలుగువారికి ఈ మార్గం కొత్త కాదు. హౌరా మిల్లులకు కూలీలు బయలుదేరిన అదే గంజాం జిల్లాలో, పర్లాకిమిడిలో, గిడుగు వెంకట రామమూర్తి సవరల భాష నేర్చుకున్నారు. వారి పాటలు, కథలు విని రాసుకున్నారు. సవర భాషలో వాచకాలు సిద్ధపరచారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టనివ్వమని కోరారు. విన్న కథకు ఆయన చెల్లించిన బదులు అది. సేకరణకూ సంఘీభావానికీ మధ్య గీత సరిగ్గా అక్కడే ఉంది: తీసుకున్నది చెప్పినవారికే తిరిగి చేరిందా, లేదా?

ఈ కొలమానంతో చూస్తే హౌరా తెలుగువారి విషయంలో జరగవలసింది మిక్కిలిగా ఉన్నది. సంతాలీ 2003 నాటి రాజ్యాంగ సవరణతో ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికారభాష హోదాను ఆమోదించింది. హోదా భాషకు గౌరవమిస్తుంది, శ్రోతను ఇవ్వదు. మిల్లు లైన్లలో వినబడిన తెలుగు కథలు బెంగాలీలోకీ, సంతాలీ కథలు ఇంగ్లీషు మీదుగా కాక నేరుగా తెలుగులోకీ రావాలి. వచ్చినవి ఆ బస్తీలకూ, ఆ పల్లెలకూ తిరిగి చేరాలి. అకాడమీలు, విశ్వవిద్యాలయాలు ఇంతకాలం కథకులను వెదికాయి, సత్కరించాయి. ఇకమీదట వంతలను కూడా తయారుచేయాలి. ఊ కొట్టే గొంతు పక్కవాడలో నుంచి వినిపించిన నాడే కథ సమాజానిదవుతుంది.