పదిహేను అక్షరాల్లో చెన్నకేశవులు

“డెస్క్‌టాప్ డాష్” అని మొదలవుతుంది. ఆ వెనక అర్థం పర్థం లేని ఏడు అక్షరాలూ అంకెలూ. విండోస్ 10, 11 ఎక్కించిన కంప్యూటర్ తనకు తానే పెట్టుకునే పేరు ఇది. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి “ల్యాప్‌టాప్ డాష్” తర్వాత ఎనిమిది ఉంటాయి. చూపున్నవాళ్లు ఈ పేరును ఏళ్ల తరబడి పట్టించుకోరు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవాళ్లకు మాత్రం అది చెవిన పడుతూనే ఉంటుంది. బ్లూటూత్ జత చేసేటప్పుడు వినాలి, ఫోన్ హాట్‌స్పాట్‌కు ఏ పరికరం తగులుకుందో చూసేటప్పుడు వినాలి, ప్రింటర్ వెతికేటప్పుడు వినాలి. ఒకే గదిలో రెండు ల్యాప్‌టాప్‌లుంటే ఏది ఎవరిదో ఆ గజిబిజి అక్షరాలు విని తేల్చుకోవాలి.

మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు చదువుకునే పిల్లల్లో చాలామందికి మొదట చేతికొచ్చేది కొత్త ల్యాప్‌టాప్ కాదు, ఎవరో వాడి వదిలేసినది. చూపులేని ఓ డిగ్రీ విద్యార్థికి అలాంటిది దొరికిందనుకుందాం. అమ్మినవాళ్లు లోపలున్న ఫైళ్లు తుడిచారు గానీ పేర్లు తుడవలేదు. స్విచ్చి వేసిన ప్రతిసారీ ముఖం తెలియని మనిషి పేరు వినిపిస్తుంది, ఆ పేరు మీదే పాస్‌వర్డ్ కొట్టాలి. సొంత వస్తువులో పరాయి ఇంట్లో ఉన్నట్టుండటం చిన్న బాధ కాదు.

చూపులేనివాళ్లకు కంప్యూటర్ నేర్పేటప్పుడు నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు లైన్లు కొట్టించడం మామూలు. ఈ కాలమ్ మాట వేరు. మొదటి పాఠంగా పేరు మార్చడం నేర్పాలి. మీట, గడి, డైలాగ్, అనుమతి అడిగే తెర, రీస్టార్ట్, చివర్లో సరిచూసుకోవడం... కంప్యూటర్‌తో జీవితాంతం చేయబోయే పనులన్నీ ఆ ఒక్క చిన్న పనిలో వరసగా ఎదురవుతాయి. పని అయ్యాక వినిపించేది తన పేరే.

ఇదంతా ఉచితంగా చేయగలగడం వెనక ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లున్నారు. మైకేల్ కరన్, జేమ్స్ టే ఇద్దరికీ చూపు లేదు. చిన్నప్పుడు అంధ బాలల సంగీత శిబిరంలో కలుసుకున్నారు. స్క్రీన్ రీడర్ ధర కంప్యూటర్ ధరను మించిపోయిన రోజుల్లో, 2006లో, కరన్ సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టాడు. అదే ఎన్‌వీడీఏ. టే తోడయ్యాడు, 2007లో ఎన్‌వీ యాక్సెస్ అనే సంస్థ పెట్టారు. పైసా కట్టకుండా దించుకోవచ్చు, లోపలి కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. దాంతోపాటు వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు కూడా వచ్చు. అంతకుముందు నుంచీ పేరున్న జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను టెడ్ హెంటర్ తెచ్చాడు. మోటార్‌సైకిల్ పందేల్లో తిరిగిన హెంటర్ 1978లో ప్రమాదంలో చూపు కోల్పోయాడు. అది మంచి సాధనం, కానీ డబ్బు పెట్టి కొనాలి. నల్లమల అంచున ఉన్న పల్లెలో ఈ రోజు ఒక పిల్ల కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ వాడుతోందంటే, అది ఎన్‌వీడీఏ అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇక పని. విండోస్ మీటతో ఎక్స్ నొక్కి, ఆపైన వై నొక్కితే కంప్యూటర్ వివరాల పేజీ తెరుచుకుంటుంది. ట్యాబ్ కొట్టుకుంటూ పోతే “రీనేమ్ దిస్ పీసీ, బటన్” అని వినిపిస్తుంది. ఎంటర్ నొక్కితే చిన్న గడి వస్తుంది, అందులో కొత్త పేరు కొట్టాలి. పాతకాలపు దారి ఇష్టపడేవాళ్లు విండోస్ మీటతో ఆర్ నొక్కి ‘ఎస్ వై ఎస్ డీ ఎం డాట్ సీ పీ ఎల్’ అని కొడతారు. ఆ డైలాగ్‌లో ఆల్ట్ సీ నొక్కితే నేరుగా పేరు మార్చే చోటికి వెళ్తుంది. స్క్రీన్ రీడర్ వాడకందార్లలో ఈ రెండో దారిని వదలనివాళ్లు ఉన్నారు. అడుగులు తక్కువ, తెర రూపు తరచూ మారదు, ఒకసారి వేళ్లకు అలవాటైతే మరిచిపోరు.

మార్కాపురంలో లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల చెన్నకేశవులు అనే పేరుకు కొదవ లేదు. ఆ పేరే పెట్టి చూద్దాం. ఇంగ్లీషులో రాస్తే 14 అక్షరాలు. విండోస్ నెట్‌వర్కులో కంప్యూటర్ పేరుకున్న పాత హద్దు 15. మొదట చెప్పిన గజిబిజి పేర్లు కూడా లెక్కపెడితే సరిగ్గా పదిహేనే! అంటే చెన్నకేశవులు పడతాడు. వెనక డాష్ పెట్టి ‘పీసీ’ అని చేరిస్తే 17 అవుతుంది. పాత పద్ధతి నెట్‌వర్కుకు తోక తెగిన పేరు కనిపిస్తుంది. అక్షరాలు, అంకెలు, డాష్ తప్ప వేరేవి పనికిరావు. ఖాళీ ఉండకూడదు, మొత్తం అంకెలే అయినా ఒప్పుకోదు.

కొట్టింది సరిగా పడిందో లేదో తెలుసుకోవడంలోనే నేర్పంతా ఉంది. ఇంగ్లీషు గొంతు మన పేర్లను పలికే తీరు నమ్మదగింది కాదు. ఎన్ ఒకటే పడినా, రెండు పడినా దాదాపు ఒకేలా వినిపించొచ్చు. అందుకని పదం వినడం చాలదు, అక్షరం అక్షరం వినాలి. హోమ్ మీట నొక్కి, కుడి బాణంతో ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లడం ఒక దారి. ఎన్‌వీడీఏ మీట (మామూలుగా ఇన్సర్ట్) పట్టుకుని పై బాణం రెండుసార్లు నొక్కితే వరసంతా విడివిడిగా చదువుతుంది. మూడుసార్లు నొక్కితే బీకి బ్రావో, వీకి విక్టర్, ఎంకి మైక్, ఎన్‌కి నవంబర్ అని చెబుతుంది. ఇయర్‌ఫోన్ బాగాలేని చోట, ఫ్యాన్ మోత మధ్య, ఈ మూడో పద్ధతి ప్రాణం నిలబెడుతుంది. చూపున్నవాళ్లలో ఎంతమంది తమ పేరును ఇంత శ్రద్ధగా సరిచూసుకుంటారు?

రీస్టార్ట్ చేసేదాకా పాత పేరే వినిపిస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడ కంగారు పడి మళ్లీ మొదటికొస్తారు. రీస్టార్ట్ అయ్యాక నల్లటి కమాండ్ విండో తెరిచి ‘హోస్ట్‌నేమ్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఎన్‌వీడీఏ జవాబును దానంతటదే చదువుతుంది. ‘హూ యామ్ ఐ’ అని ఖాళీల్లేకుండా కొడితే కంప్యూటర్ పేరు, దాని వెనక యూజర్ పేరు రెండూ చెబుతుంది. బొమ్మలతో నిండిన తెరల కన్నా ఈ ఒక్క లైను చెవికి ఎంతో హాయి.

యూజర్ పేరు దగ్గర వ్యవహారం ముదురుతుంది. పైకి ఒకటే కనిపించినా లోపల మూడున్నాయి. తెర మీద కనిపించే పూర్తి పేరు ఒకటి, ఖాతా అసలు పేరు రెండోది, సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద ఉండే ఫోల్డర్ పేరు మూడోది. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి మారిస్తే మొదటిది మాత్రమే మారుతుంది. ‘నెట్‌పీఎల్‌విజ్’ అనే పాత డైలాగ్‌లో జాబితా నుంచి మనిషిని ఎంచుకుని ఆల్ట్ ఓ నొక్కితే గడులొస్తాయి, అక్కడ మొదటి రెండు పేర్లూ మార్చుకోవచ్చు. ఫోల్డర్ మాత్రం ఎక్కడా కదలదు. ప్రకాశం జిల్లావాళ్లకు ఇది తెలియని తంతు కాదు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా పుట్టి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను తెచ్చుకున్న ఈ జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. పేరు మారినా కలెక్టరాఫీసులో పనిబడిన మార్కాపురం మనిషి బస్సెక్కింది ఒంగోలుకే.

మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే ఫోల్డర్‌కు ఈమెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలే వస్తాయి. చెన్నకేశవులైనా, చెన్నయ్యైనా, చెన్నమ్మైనా అక్కడ ‘చెన్’ దగ్గరే ఆగిపోతారు. రిజిస్ట్రీలోకి దిగి దాన్ని మార్చే చిట్కాలు చెప్పేవాళ్లున్నారు. ఈ కాలమ్ సలహా మాత్రం, వద్దు. ఒక్క అక్షరం తేడా వస్తే ఖాతా తెరుచుకోదు, తెరుచుకోని తెర మీద స్క్రీన్ రీడర్ ఏ మాత్రం సాయపడుతుందో చెప్పలేం. చిన్నగా, ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీ లేని పేరుతో కొత్త లోకల్ ఖాతా తెరిచి ఫైళ్లు అందులోకి తెచ్చుకోవడం మేలు.

అనుమతి అడిగే తెర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పేరు మార్చబోతే విండోస్ “ఒప్పుకుంటున్నారా” అని వేరే తెర మీద అడగవచ్చు. ఎన్‌వీడీఏను కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే అక్కడా మాట్లాడుతుంది, ఆల్ట్ వై నొక్కి ముందుకు పోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపిస్తే ఆ తెర మీద గొంతు ఆగిపోతుంది. కంప్యూటర్ బిగుసుకుపోయిందనుకుని పవర్ మీట నొక్కేస్తారు పాపం. ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లో సైన్ ఇన్ సమయంలోనూ మాట్లాడమనే టిక్ ఒకటుంది. అది లేకపోతే రీస్టార్ట్ అయిన మరుక్షణం కొత్త పేరు వినడానికి కూడా పక్కవాళ్ల కళ్లు కావాలి.

నెట్ సెంటర్‌లో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒక కంప్యూటర్‌కు తగిలించిన ప్రింటర్‌ను మిగతావాటికి షేర్ చేసి ఉంటే, అవి ఆ కంప్యూటర్ పేరు పట్టుకునే ప్రింటర్‌ను వెతుక్కుంటాయి. పేరు మార్చారంటే పక్క సిస్టం నుంచి ప్రింట్ రాదు, ప్రింటర్‌ను మళ్లీ కలుపుకోవాలి. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో అయితే పేరు మార్చే అధికారం సిస్టం అడ్మిన్‌దే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం కేటాయించి, అందులో 1 శాతం చూపు లేనివాళ్లకూ తక్కువ ఉన్నవాళ్లకూ ఇచ్చింది. ఆ కోటాలో చేరిన ఉద్యోగి తొలి రోజునే అడ్మిన్‌ను అడిగి తన కంప్యూటర్ పేరేమిటో రాసుకోవాలి. ఫిర్యాదు చేసేటప్పుడు మొదట అడిగేది అదే.

డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తేల్చి చెప్పింది. అది మార్కాపురం దాకా రావాలంటే పెద్ద బడ్జెట్లేమీ అక్కర్లేదు. విభిన్న ప్రతిభావంతులైన విద్యార్థులకు ల్యాప్‌టాప్ ఇచ్చే ప్రభుత్వమైనా, దాతలైనా, పాతది అమ్మే షాపువాళ్లైనా ఓ అరగంట కేటాయిస్తే చాలు. ఎన్‌వీడీఏ ఇన్‌స్టాల్ చేసి, సైన్ ఇన్ టిక్ పెట్టి, పాత ఖాతా తీసేయాలి. కొత్త ఖాతా మాత్రం ఆ విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకునే తెరవాలి, కీబోర్డు ఆ పిల్ల చేతికే ఇవ్వాలి. పదో తరగతి మెమోలో ఉన్న స్పెల్లింగా, ఇంట్లో పిలిచే పేరా అన్నది అప్పుడే అడగాలి, ఎందుకంటే ఫోల్డర్‌కు పేరు పడేది ఆ ఒక్కసారే.