పువ్వు చారులోకి, నూనె చేలోకి

ఉగాది దగ్గర పడుతుంటే పల్లెల్లో వేపచెట్టు కింద పాత చీర పరుస్తారు. తెల్లారేసరికి దానిమీద రాలిన పూతను చేటలోకెత్తి, కాడలూ ఆకులూ ఏరి, ఆరబెట్టి డబ్బాలో పోస్తారు. కొంత పండగ పచ్చడిలోకి, మిగిలింది ఏడాది పొడుగునా చారులోకి. పువ్వును నేతిలో దోరగా వేయించి, దించిన చింతపండు చారులో వేస్తే ఆ చేదు కూడా కమ్మగా ఉంటుంది. జ్వరంపడి లేచి నోరు చవి చచ్చినవాళ్లకు ఈ చారుతో అన్నం సహిస్తుంది.

ఈ వాడకంలో మెచ్చుకోవలసింది దాని కొలత. పచ్చడిలో పడేది చిటికెడు, చారులో పడేది గుప్పెడు, అదీ ఇంటిల్లిపాదికీ కలిపి.

ఫోన్లలో తిరిగే చిట్కాలకు ఆ కొలత లేదు. రోజూ పరగడుపున గ్లాసుడు వేపాకు రసం తాగమంటారు. పసిపిల్లల కడుపులో నులిపురుగులకు చెంచాడు వేపనూనె పట్టమంటారు. మొదటిదానికి సరైన ఆధారం లేదు. రెండోది పిల్లల ప్రాణం మీదికి తెస్తుంది.

చెట్టు ఒకటే అయినా పువ్వు, ఆకు, గింజ ఒకటి కావు. 1942లో రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిన్, నింబిడిన్ వంటి చేదు పదార్థాలను వేరుచేశారు. 1968లో గింజ నుంచి అజాడిరాక్టిన్ బయటపడింది. అది తగిలిన పురుగు తిండి మానేస్తుంది, కుబుసం విడవలేక చస్తుంది. మన రైతులు పత్తి మీద, మిరప మీద కొట్టే 5 శాతం వేపగింజల కషాయం పనిచేసేది ఇందుకే. చేలో అంత బలంగా పనిచేసే గింజ నుంచి తీసిన నూనెను ఉగ్గుగిన్నెలో పోయడానికి ఎవరికైనా చెయ్యి ఎలా వస్తుంది?

పోసినవాళ్లున్నారు, అదీ ప్రేమతోనే. మలేసియాలో వేపనూనె పట్టించిన పసిపిల్లలు ఆస్పత్రి పాలైన సంగతిని అక్కడి వైద్యులు 1981లో లాన్సెట్ పత్రికలో రాశారు. నూనె తాగిన కొన్ని గంటల్లోనే వాంతులు, మగత, ఆయాసం, ఆపైన మూర్ఛలు. కాలేయమూ మెదడూ దెబ్బతిన్నాయి. మనదేశంలోనూ ఇలాంటి కేసులు వైద్య పత్రికలకెక్కాయి. చెంచాడంటే 5 మిల్లీలీటర్లు. నెలల బిడ్డకు అదే ఎక్కువ.

ఒంటిపైన వాడకం సంగతి వేరు. 1992లో అచ్చయిన ఒక అధ్యయనంలో గజ్జి పట్టిన 814 మందికి వేపాకు, పసుపు కలిపి నూరిన ముద్ద పూస్తే, 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో నయమైంది. పూయనివాళ్లతో పోల్చి చూడలేదు కాబట్టి దాన్ని తుదితీర్పు అనలేం, కానీ తోసేయదగింది కాదు. అమ్మవారు పోసినప్పుడు పక్కమీద పరిచే వేపమండలు దురదకు హాయినిస్తాయి; జ్వరం ముదిరితే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

గర్భిణులు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు వేపనూనె, వేప మాత్రలు నోట్లో వేసుకోకూడదు. జంతువులపై చేసిన పరీక్షల్లో వేపగింజల సారం గర్భం నిలవనివ్వలేదు. గర్భనిరోధకంగా పనికొస్తుందేమోనని శాస్త్రవేత్తలు దానిపై పరిశోధన చేసిందీ అందుకే. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు వేప మాత్రలు కూడా మింగితే చక్కెర మరీ పడిపోవచ్చు.

పట్నాల్లో మరో చిక్కుంది. పార్కుల్లో, రోడ్ల పక్కన పెంచే తురకవేప చూడ్డానికి వేపలాగే ఉంటుంది గానీ దాని కాయలు విషం. పూత చూస్తే తేడా తెలుస్తుంది: వేపపువ్వు తెలుపు, తురకవేప పువ్వు లేత ఊదా. ఆకులోనూ తేడా ఉంది. వేపకు ఒకే ఈనెకు రెండువైపులా ఆకులుంటాయి. తురకవేపకు ఆ ఈనె మళ్లీ చిన్న చిన్న ఈనెలుగా చీలుతుంది. పండగ పొద్దున హడావిడిగా కొమ్మ విరిచేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఆకును చూడాలి.

ఇంట్లో వేపనూనె సీసా ఉంటే దాని చోటు వంటగది కాదు. బిడ్డ తాగిందన్న అనుమానం వస్తే గొంతులో వేలుపెట్టి కక్కించకూడదు, నూనె ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆ సీసాను కూడా పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. దీనికి ప్రత్యేకంగా విరుగుడు మందు లేదు. మూర్ఛలు ఆపడం, రక్తంలో పెరిగిన ఆమ్లాన్ని సరిచేయడం, చక్కెర పడిపోకుండా చూడడం అక్కడి డాక్టర్లే చేయగలరు.